పొట్ట కొవ్వు చెప్పే సాక్ష్యం

కాళ్ల వాపులు, మూత్రంలో ఆగని నురగ చూసి ఒకాయన కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్తాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోందని ఒకావిడ గుండె డాక్టరును కలుస్తుంది. రెండు అరచేతుల్లో తిమ్మిర్లు, మంచం మీంచి లేస్తే కళ్లు తిరగడం మొదలైన ఇంకొకరు నరాల డాక్టరు గది ముందు చీటీ పట్టుకుని కూర్చుంటారు. ఈ ముగ్గురిదీ ఒకే జబ్బు కావచ్చు. దాని పేరు అమిలాయిడోసిస్. అది ఏ అవయవంలో ఎక్కువగా చేరితే ఆ అవయవం జబ్బులాగే కనిపిస్తుంది కాబట్టి, ఏ డాక్టరుకు ఆ డాక్టరు తమ విభాగం వైపు నుంచే ఆలోచిస్తారు. అమెరికాలో ఈ రోగులను అడిగి 2015లో ప్రచురించిన ఒక సర్వేలో, మూడో వంతుకు పైగా మందికి లక్షణాలు మొదలైన ఏడాది దాటాక గానీ జబ్బు పేరు తెలియలేదు. దాదాపు మూడో వంతు మంది ఆ పేరు వినేలోగా ఐదుగురు లేక అంతకు మించి డాక్టర్లను చూశారు.

మన ఒంట్లో తయారయ్యే ప్రతి ప్రొటీనూ ఒక పద్ధతిలో ముడుచుకుంటేనే దాని పని అది చేస్తుంది. మడత తప్పిన ప్రొటీన్లు కొన్ని ఒకదానికొకటి అతుక్కుని సన్నటి పోగులవుతాయి. ఆ పోగులు గుండె కండరం సందుల్లో, మూత్రపిండాల వడపోత భాగాల్లో, నరాల చుట్టూ, పేగు గోడల్లో పేరుకుంటాయి. అదే అమిలాయిడ్. మనిషిలో ఇలా పేరుకునే ప్రొటీన్లను ఇప్పటిదాకా నలభైకి పైగా గుర్తించారు. ఒళ్లంతా పరుచుకునే రకాల్లో ముఖ్యమైనవి మూడు. ఎముక మూలుగలోని ప్లాస్మా కణాలు అదుపు తప్పి లైట్ చైన్లనే ప్రొటీన్ ముక్కలను కుమ్మరిస్తే వచ్చేది ఏఎల్. క్షయ, కీళ్లవాతం వంటివి ఏళ్ల తరబడి రగులుతుంటే వచ్చేది ఏఏ. కాలేయం తయారుచేసే ట్రాన్స్‌థైరెటిన్ వల్ల వచ్చేది ఏటీటీఆర్. ఇది కొందరికి వంశంలో వస్తుంది, కొందరికి వయసు మీరాక మొదలవుతుంది.

రక్త, మూత్ర పరీక్షలు, గుండె స్కానింగ్ అనుమానాన్ని బలపరుస్తాయి. అమిలాయిడ్‌ను కంటితో చూడాలంటే మాత్రం కణజాలం కావాలి, మనవాళ్ల మాటలో ముక్క పరీక్ష చేయాలి. ఆ ముక్కను ఎక్కడి నుంచి తీయాలన్న ప్రశ్నకు వైద్యులు యాభై ఏళ్లుగా చెబుతున్న మొదటి జవాబు బొడ్డుకు పక్కన, చర్మం కింద ఉండే కొవ్వు. సూది, సిరంజి, మత్తు మందు, నాలుగు గాజు స్లైడులుంటే తీయగలిగే నమూనా ఇది. ఇంత తేలికైన పరీక్షకు మన దగ్గర రెండు వైపుల నుంచీ అన్యాయం జరుగుతోందని నా నమ్మకం. చేయవలసినప్పుడు ఎవరికీ గుర్తుకు రాదు. చేశాక వచ్చిన ఫలితాన్ని, అది చెప్పనిది కూడా చెప్పిందన్నట్టు చదువుతారు.

రంగు నుంచి సూది దాకా

1854లో జర్మన్ వైద్యశాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కో ఈ పదార్థం మీద అయోడిన్ వేసి, వచ్చిన రంగును బట్టి ఇది పిండి పదార్థం లాంటిదనుకున్నాడు. ఐదేళ్లకే ఫ్రీడ్రైక్, కెకూలే ఇది ప్రొటీనని తేల్చారు. రోగనిర్ధారణకు దారి చూపింది మాత్రం నూలు బట్టల అద్దకం రంగు. 1880లలో జర్మనీలో తయారైన కాంగో రెడ్ అమిలాయిడ్‌ను గట్టిగా పట్టుకుంటుందని 1922లో బెన్‌హోల్డ్ గమనించాడు. కొంతకాలం ఆ రంగును రోగి రక్తనాళంలోకే ఎక్కించి, రక్తంలోంచి అది ఎంత తొందరగా తగ్గిపోతే ఒంట్లో అంత అమిలాయిడ్ ఉన్నట్టు లెక్కగట్టేవారు. 1927లో బెల్జియంలో డివ్రీ, ఫ్లోర్కిన్ అనే ఇద్దరు, కాంగో రెడ్ పట్టిన అమిలాయిడ్ ధ్రువిత కాంతిలో ఆకుపచ్చగా మెరుస్తుందని చూపారు. దాదాపు వందేళ్ల తర్వాత కూడా అమిలాయిడ్‌ను గుర్తించే గీటురాయి ఆ పచ్చ మెరుపే.

రంగు దొరికినా ముక్క తీసే చోటు సమస్యగానే ఉండిపోయింది. జబ్బు పడిన అవయవం నుంచే తీద్దామంటే అది కిడ్నీయో కాలేయమో గుండెయో అవుతుంది. అమిలాయిడ్ చేరిన రక్తనాళాలు పెళుసుబారతాయి. పైగా ఏఎల్ రోగుల్లో కొందరికి రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదో ఫ్యాక్టర్‌ను అమిలాయిడే పీల్చేసుకుంటుంది. కళ్ల చుట్టూ కారణం లేకుండా నల్లగా కమిలిన మచ్చలు కనిపించేది ఇలాంటి వాళ్లలోనే. వాళ్ల కాలేయంలో సూది దించడమంటే చిన్న సాహసం కాదు. 1960లో ఇజ్రాయెల్‌లో గఫ్నీ, సోహర్ మలద్వారం లోపలి పొర నుంచి ముక్క తీసే పద్ధతిని ముందుకు తెచ్చారు. కొందరు పంటి చిగురు నుంచి తీసేవారు. 1973లో స్వీడన్‌కు చెందిన వెస్టర్‌మార్క్, స్టెన్‌క్విస్ట్ పొట్ట మీది కొవ్వును సూదితో లాగి చూసే పద్ధతిని ప్రచురించారు. అది నిలబడింది.

ఒళ్లంతా పరుచుకునే అమిలాయిడ్ కొవ్వు కణాల చుట్టూ, వాటి మధ్య నడిచే సన్నని రక్తనాళాల గోడల్లో కూడా చేరుతుంది. అక్కడ చేరినా రోగికి ఏ బాధా తెలియదు. బాధ పెట్టని చోటు నుంచి, ప్రమాదం లేకుండా సాక్ష్యం తీయగలగడమే ఈ పరీక్షలోని గొప్ప సౌలభ్యం.

తీయడం ఎలా

ముందు రోజు నుంచి కడుపు మాడ్చుకోనక్కర్లేదు, ఆసుపత్రిలో చేరనక్కర్లేదు. రోగిని వెల్లకిలా పడుకోబెడతారు. సూది ముట్టుకునే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా? మత్తు ఇంజక్షన్ గతంలో ఎప్పుడైనా పడలేదా? ఇన్సులిన్ తీసుకుంటున్నారా, తీసుకుంటే పొట్టలో ఏ వైపు? ఈ మూడో ప్రశ్న ఎందుకో తర్వాత చెబుతాను. దాన్ని అడగని చోట్లు చాలా ఉన్నాయి. హెర్నియా ఉందేమో, పాత ఆపరేషన్ మచ్చలున్నాయేమో, చర్మం మీద పుండ్లున్నాయేమో చూసి, వాటికి దూరంగా బొడ్డుకు ఒక పక్కన చోటు ఎంచుకుంటారు.

చర్మం శుభ్రం చేశాక లిడోకెయిన్ ఇస్తారు. ఆ కొద్ది క్షణాలు చురుక్కుమంటుంది. మందు పని చేయడానికి కొన్ని నిమిషాలు ఆగాలి. తొందరపడి సూది దించితే రోగి కడుపు బిగబడుతుంది, పని చెడుతుంది. తర్వాత కాస్త లావుపాటి సూది వాడతారు, సాధారణంగా 16 లేదా 18 గేజ్‌ది. పది మిల్లీలీటర్ల సిరంజికి తగిలించి, చర్మం కింద కొవ్వు పొరలోకి ఏటవాలుగా పంపుతారు. కింద ఉన్న కండరం దాకా పోనివ్వరు. సిరంజి ముషలాన్ని వెనక్కి లాగి పట్టుకుని, లోపల గాలి లేని ఖాళీ ఏర్పడేట్టు చేసి, సూదిని ముందుకూ వెనక్కూ, కొంచెం తిప్పుతూ, దిశ మార్చుతూ కదుపుతారు. పసుపు పచ్చని కొవ్వు రేణువులు, కొద్దిగా రక్తం, కాస్త నూనె లాంటి ద్రవం వస్తాయి. ఒక పక్క సరిపడా రాకపోతే రెండో పక్క కూడా తీస్తారు. సూది తీశాక కొన్ని నిమిషాలు గట్టిగా అదిమి పట్టి ప్లాస్టర్ వేస్తారు. మొత్తం పని ఒక పావుగంట. రెండు మూడు రోజులు కమిలినట్టు నీలంగా ఉంటుంది, ముట్టుకుంటే నొప్పి ఉంటుంది. అంతకు మించిన ఇబ్బంది చాలా అరుదు.

ఇందులో అనుభవం కంటే ఓపిక ముఖ్యమని నాకనిపిస్తుంది. మొదటి లాగుడులో సిరంజిలో ఎర్రగా ఏదో కనిపించగానే చాలనుకుని ఆపేస్తే, వచ్చింది రక్తమే అయి ఉంటుంది. రక్తంలో వెతికితే అమిలాయిడ్ దొరకదు. ల్యాబుకు చేరిన నమూనాలో కొవ్వు ముక్కలు లేకపోతే ఆ రిపోర్టులో ‘నెగటివ్’ అని రాయడం తప్పు, ‘నమూనా చాలలేదు’ అని రాయాలి. ఈ రెండు మాటల మధ్య తేడాను పట్టించుకోకపోవడం వల్ల జబ్బు తప్పిపోయే రోగులున్నారు.

బాగా చిక్కిపోయిన రోగుల్లో పొట్ట మీద చిటికెడు కొవ్వు కూడా ఉండదు. ఈ జబ్బు ముదిరిన వాళ్లు చిక్కిపోవడం మామూలే. అలాంటప్పుడు చర్మాన్ని చిన్నగా కోసి కొవ్వు ముక్కను కంటికి కనిపించేట్టు తీయడం మేలు. సూదితో తీసిన దానికంటే ఎక్కువ కణజాలం దొరుకుతుంది, మైనపు దిమ్మగా చేసి సన్నగా కోసి చూడవచ్చు. ఒకటి రెండు కుట్లు పడతాయి, గాయం మానాలి, అంతే తేడా.

స్లైడు మీద

సిరంజిలో, సూది మొదట్లో చిక్కుకున్న రేణువులను గాజు స్లైడు మీదికి నెట్టి, దాని మీద ఇంకో స్లైడును అడ్డంగా పెట్టి నొక్కి, విడదీసి ఆరబెడతారు. అలా కనీసం మూడు స్లైడులు చేయడం మంచిది. మిగిలిన దాన్ని ఫార్మలిన్‌లో వేసి మైనపు దిమ్మగా చేస్తారు. రకం తేల్చే పరీక్ష కూడా చేయించే ఉద్దేశం ఉంటే, ఏ భాగాన్ని ఏ ద్రవంలో వేయాలో ల్యాబును ముందే అడిగి పెట్టుకోవాలి. తీసిన తర్వాత అడిగితే ఆలస్యమైపోతుంది.

కాంగో రెడ్ పట్టిన స్లైడును మామూలు వెలుగులో చూస్తే అమిలాయిడ్ గులాబీ రంగులోనో, ఇటుక ఎరుపులోనో కనిపిస్తుంది. బాగా పేరుకున్న చోట ఒక్కో కొవ్వు కణం చుట్టూ ఎర్ర గాజు తొడిగినట్టుంటుంది. మైక్రోస్కోపుకు పోలరైజర్లు అమర్చి తిప్పితే ఆ గాజు ఆకుపచ్చగా వెలుగుతుంది. చూసిన వాళ్లు మరిచిపోలేని దృశ్యం. కొద్దిగా ఉన్నప్పుడు మాత్రం అది మెరుపో భ్రమో తెలియదు. రక్తనాళం గోడలోనో, కణాల మధ్య సన్నని గీతగానో ఉండి, బల్బు వెలుగు చాలకపోతేనో గది చీకటిగా లేకపోతేనో తప్పించుకుపోతుంది.

తప్పు రెండో వైపు కూడా జరుగుతుంది. కొవ్వు మధ్య ఉండే కొలాజెన్ పీచు కూడా ధ్రువిత కాంతిలో మెరుస్తుంది, తెల్లగా. రంగును సరిగా కడగకపోతే ఆ పీచుకు కూడా ఎరుపు అంటుతుంది. తెలుపును పచ్చగా చదివితే లేని జబ్బు ఉన్నట్టవుతుంది. అందుకే అమిలాయిడ్ ఖాయంగా ఉన్న పాత స్లైడును ప్రతిసారీ పక్కనే రంగు వేసి పోల్చి చూడాలి. రంగు తయారీ, మోతాదు, కడిగే తీరు బాగున్నా, నెలకు ఒకటి రెండు నమూనాలే చూసే ల్యాబు నమ్మకంగా చెప్పడం కష్టం. అవి బాగోలేకపోతే రోజూ చూసే ల్యాబైనా చెప్పలేదు.

ఎంతవరకు నమ్మాలి

నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ వైద్యులు ఈ ప్రశ్నను ఎంతో శ్రద్ధగా తరచి చూశారు. 2006లో వాళ్లు ప్రచురించిన పరిశీలనలో మామూలు పద్ధతిలో చూస్తే జబ్బు ఉన్న వాళ్లలో 80 శాతం మందిని పట్టుకోగలిగారు. మూడు స్లైడులను ఇద్దరు వేర్వేరుగా చూస్తే అది 93 శాతానికి పెరిగింది. జబ్బు లేని వాళ్లలో ఉన్నట్టు తప్పుగా చూపింది లేదు. నన్ను ఆకట్టుకున్నది ఆ 93 కాదు, ఆ పదమూడు శాతం తేడా. కొత్త యంత్రం, కొత్త మందు ఏమీ లేకుండా, ఇంకో రెండు స్లైడులు, ఇంకో జత కళ్లు తోడైతే వచ్చిన తేడా అది. ప్రతి మెడికల్ కాలేజీలోనూ పాథాలజీ విభాగంలో ఇద్దరైనా ఉంటారు.

ఆ అంకెలు అమిలాయిడోసిస్‌నే ప్రత్యేకంగా చూసే కేంద్రంలోవి, అక్కడ ఎక్కువగా చూసేది ఏఎల్, ఏఏ రకాలు. రకం మారితే కథ మారుతుంది. లండన్‌లోని జాతీయ అమిలాయిడోసిస్ కేంద్రం గుండెకు అమిలాయిడ్ చేరిన 600 మంది మీద 2017లో ప్రచురించిన పరిశీలనలో, కొవ్వు పరీక్ష ఏఎల్ రకాన్ని 84 శాతం మందిలో, వంశపారంపర్య ఏటీటీఆర్‌ను 45 శాతం మందిలో పట్టుకుంది. వయసు పైబడి వచ్చే ఏటీటీఆర్‌ను 15 శాతం మందిలోనే పట్టుకోగలిగింది. డెబ్బై దాటిన పెద్దాయనకు గుండె గోడలు మందమై, చేతుల్లో తిమ్మిర్లు పుట్టి, నడుము దగ్గర వెన్నుపూస సందు ఇరుకై ఉంటే, కొవ్వులో ఏమీ లేదన్న రిపోర్టుకు దాదాపు విలువ లేదు. ఆ రిపోర్టు చూసి ‘అమిలాయిడ్ కాదు లెండి’ అని పంపేయడం వైద్యం అనిపించుకోదు.

ఏళ్ల తరబడి డయాలసిస్ మీదున్న వాళ్లలో కీళ్లకు చేరే రకం కూడా కొవ్వులో సాధారణంగా కనిపించదు. ఎల్ఈసీటీ2 అనే ఇంకో రకం మన దేశంలో పంజాబీల్లో ఎక్కువగా నమోదైంది, కిడ్నీలను పాడు చేస్తుంది, కొవ్వులో అరుదుగానే దొరుకుతుంది. స్వరపేటిక, మూత్రాశయం వంటి ఒక్క చోటే పరిమితమైన అమిలాయిడ్‌కు కొవ్వు పరీక్ష అక్కర్లేదు, అక్కడి ముక్కే చూడాలి.

ఏఎల్ అనుమానం ఉన్నప్పుడు కొవ్వుతో పాటు ఎముక మూలుగ నమూనా కూడా తీస్తారు. అదెలాగూ అవసరమైన పరీక్షే. రెండింటిలో ఏదో ఒక దానిలో అమిలాయిడ్ దొరికే అవకాశం పది మందిలో ఎనిమిది, తొమ్మిది మందికి ఉంటుంది. రెండూ నెగటివ్ వచ్చి అనుమానం పోకపోతే కింది పెదవి లోపల ఉండే చిన్న లాలాజల గ్రంథిని తీసి చూడవచ్చు. ఇటలీలోని పావియా వైద్యులు, కొవ్వులో దొరకని ఏఎల్ రోగుల్లో సగానికి పైగా మందిలో ఇక్కడ అమిలాయిడ్ పట్టుకున్నారు. అప్పటికీ దొరకకపోతే జబ్బు పడిన కిడ్నీనో గుండెనో తాకక తప్పదు. ఈ వరుసలో కొవ్వు పరీక్ష మొదటి మెట్టు మాత్రమే.

స్కాన్ ఉండగా సూదెందుకు

2016 తర్వాత ఈ ప్రశ్న సహజంగానే వస్తోంది. టెక్నీషియం కలిపిన ఎముక స్కాన్ మందు ఏటీటీఆర్ చేరిన గుండెకు పడుతుందని, రక్తంలో, మూత్రంలో అసహజ లైట్ చైన్లు లేవని తేలితే ముక్క తీయకుండానే ఏటీటీఆర్ అని చెప్పవచ్చని ఆ ఏడాది గిల్‌మోర్ బృందం చూపింది. వయసు మీరిన గుండె రోగులకు ఇది పెద్ద ఊరట. కొవ్వు పరీక్ష ఎక్కడ బలహీనమో సరిగ్గా అక్కడే ఈ స్కాన్ బలమైనది.

మరచిపోకూడని షరతు లైట్ చైన్ల పరీక్ష. ఏఎల్ రోగుల్లో కూడా కొందరి గుండెకు ఈ స్కాన్ మందు పడుతుంది. లైట్ చైన్లు చూడకుండా స్కాన్‌ను నమ్మి ఏఎల్ రోగిని ఏటీటీఆర్ అని ఇంటికి పంపితే నెలల్లో ప్రాణం పోవచ్చు. గుండె బాగా దెబ్బతిన్న ఏఎల్‌కు వైద్యం అందకపోతే చాలామంది ఆరు నెలలు దాటరు. లైట్ చైన్లు అసహజంగా ఉన్న ప్రతి రోగికీ మళ్లీ కణజాలమే కావాలి, మళ్లీ పొట్ట మీది కొవ్వు దగ్గరికే రావాలి.

పచ్చగా మెరిసింది, తర్వాత?

కొవ్వులో అమిలాయిడ్ దొరికిందన్న మాట సగం నిర్ధారణే. ఏ ప్రొటీనో తెలియకుండా మందు ఇవ్వకూడదు. ఏఎల్‌కు బోర్టెజోమిబ్, సైక్లోఫాస్ఫమైడ్, డెక్సామెథసోన్ కలిపి ఇస్తారు. 2021 నుంచి డారటుముమాబ్ కూడా జతచేరింది. ఇదంతా క్యాన్సర్ వైద్యం లాంటిదే. ఏటీటీఆర్‌కు టఫామిడిస్ వంటివి వేరే దారి. ఏఏకు మూల వ్యాధిని అదుపు చేయడమే చికిత్స. రకం తప్పితే ఒకరి మందు ఇంకొకరికి పడుతుంది.

రక్తంలో అసహజ ప్రొటీన్ ఉంది, కొవ్వులో అమిలాయిడ్ ఉంది, కాబట్టి ఏఎల్ అనేయడం అన్నిటికంటే సులువైన పొరపాటు. అమెరికాలోని మిన్నెసోటాలో చేసిన అధ్యయనంలో యాభై దాటిన వాళ్లలో వందకు ముగ్గురికి పైగా రక్తంలో అలాంటి ప్రొటీన్ ఏ జబ్బూ లేకుండానే కనిపించింది. లండన్ కేంద్రం 2002లో, ఏఎల్ అని అనుకున్న 350 మందిని జన్యు పరీక్షలు చేసి చూస్తే 34 మందికి అసలు ఉన్నది వంశపారంపర్య రకం. దాదాపు పదిలో ఒకరు. వాళ్లలో కొందరికి అక్కర్లేని కీమోథెరపీ పడేదే.

రకం తేల్చడానికి మాస్ స్పెక్ట్రోమెట్రీ ఇప్పుడు అన్నిటికంటే నమ్మదగినది. స్లైడు మీద అమిలాయిడ్ ఉన్న చోటును లేజర్‌తో కోసి తీసి, అందులోని ప్రొటీన్లను విడగొట్టి గుర్తిస్తుంది. అమెరికాలోని మేయో క్లినిక్ 2009లో దీన్ని ప్రచురించాక ఆ రంగమే మారిపోయింది. కొవ్వు నమూనా మీద కూడా ఇది పని చేస్తుంది. పావియాలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద యాంటీబాడీలతో గుర్తుపట్టే పద్ధతి కూడా బాగా సాగింది. మామూలు యాంటీబాడీ రంగులు అందుబాటులో ఉన్నా, ముఖ్యంగా లైట్ చైన్ల విషయంలో తరచూ తికమక పెడతాయి. ఒక్క ఆ రంగుల మీద ఆధారపడి కీమోథెరపీ మొదలుపెట్టడాన్ని నేను ఒప్పుకోలేను.

ఇక ఇన్సులిన్ ప్రశ్న. ఒకే చోట ఏళ్ల తరబడి ఇన్సులిన్ పొడుచుకుంటే, ఆ ఇన్సులినే మడత తప్పి అక్కడి కొవ్వులో అమిలాయిడ్‌గా పేరుకుంటుంది. అక్కడ గట్టి గడ్డలా చేతికి తగులుతుంది. దానికీ కాంగో రెడ్ పడుతుంది, అదీ పచ్చగానే మెరుస్తుంది. అది ఒళ్లంతా పాకే జబ్బు కాదు, పొడిచే చోటు మార్చుకుంటే చాలు. ఇప్పుడు ఒక మధుమేహ రోగిని ఊహించండి. పదేళ్లుగా బొడ్డు పక్కనే ఇన్సులిన్ తీసుకుంటున్నాడు. మధుమేహం వల్లే మూత్రంలో ప్రొటీన్ పోతోంది, పాదాల్లో తిమ్మిర్లున్నాయి. వయసు వల్ల రక్తంలో కొద్దిగా అసహజ ప్రొటీన్ కూడా కనిపించింది. సరిగ్గా ఇన్సులిన్ గడ్డ నుంచే కొవ్వు తీస్తే అన్నీ కలిసి ఏఎల్ అన్నట్టే కనిపిస్తాయి. ఇంటింటా మధుమేహం ఉన్న తెలుగు నేల మీద ఇది అరుదైన ఊహ కాదు. ఇన్సులిన్ పొడిచే చోటుకు దూరంగా సూది దించడం, రిపోర్టు ఫారం మీద ‘ఇన్సులిన్ వాడకం ఉంది’ అని ఒక్క ముక్క రాయడం, రకం తేలేదాకా ఆగడం. ఈ మూడూ చేస్తే ఆ ఉచ్చులో పడరు.

మన దగ్గర

చండీగఢ్ పీజీఐ వైద్యులు 1981లో ప్రచురించిన పరిశీలనలో, కిడ్నీలకు వచ్చిన అమిలాయిడోసిస్‌కు వెనుక ఎక్కువగా ఉన్నది క్షయ. కుష్ఠు, ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి చీము పట్టే జబ్బులు, కీళ్లవాతం కూడా మన దేశంలో ఈ జాబితాలో ఉంటూ వచ్చాయి. పాతకాలం జబ్బులని వీటిని పక్కన పెట్టలేం, క్షయ ఇంకా మనతోనే ఉంది. మందులు మధ్యలో మానేసి, మళ్లీ మొదలుపెట్టి, ఏళ్లు గడిచిన క్షయ రోగికి పాదాల్లో నీరు దిగి మూత్రంలో నురగ వస్తే, పొట్ట కొవ్వు చూడాలన్న ఆలోచన జిల్లా ఆసుపత్రిలోనే రావాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి ఇక్కడ చెప్పాలి. అక్కడి కిడ్నీ జబ్బు అమిలాయిడ్ కాదు. ఆ జబ్బులో మూత్రంలో ప్రొటీన్ పోవడం తక్కువగా ఉంటుంది. అమిలాయిడ్‌లో విపరీతంగా పోతుంది. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన రోగికి ఒళ్లంతా వాపులు, మూత్రంలో నురగ ఉంటే ‘అది ఉద్దానం జబ్బే’ అని ముందే ముద్ర వేయడం వల్ల వేరే జబ్బు కనిపించకుండా పోతుంది.

నమూనా తీయడం జిల్లాలో, చదవడం పెద్ద కేంద్రంలో జరిగితే బాగుంటుంది. ఆరబెట్టిన స్లైడులు పెట్టెలో భద్రంగా ప్రయాణిస్తాయి, ఫార్మలిన్ సీసా కూడా వెళ్తుంది. రోగి, తోడుగా ఒకరు, రెండు రోజుల కూలీ పోగొట్టుకుని, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు, పాడేరు నుంచి విశాఖకు రావడం కంటే నమూనా రావడం ఎంతో నయం. కొవ్వు తీయడం ఒక హౌస్ సర్జన్ ఒకసారి చూసి, పక్కన పెద్ద డాక్టరు ఉండగా చేసి నేర్చుకోగలిగే పని. దీనికి కొత్త పథకం, కొత్త భవనం అక్కర్లేదు. అడిగే వాళ్లు కావాలి. నాలుక మందమై పళ్ల గుర్తులు పడితే, ఈసీజీలో గీతలు చిన్నవిగా ఉండి ఎకోలో గుండె గోడలు మందంగా కనిపిస్తే, చాలా ఏళ్లుగా బీపీ ఉన్న మనిషికి ఉన్నట్టుండి మందులు అక్కర్లేనంతగా బీపీ పడిపోతే, రెండు చేతులకూ కార్పల్ టన్నెల్ ఆపరేషన్ జరిగి ఉంటే, వెంటనే లైట్ చైన్ల పరీక్షకు రక్తం, కొవ్వు పరీక్షకు నమూనా పంపాలి.

రోగుల భయాలు కూడా నిజమైనవే, వాటిని తోసిపుచ్చకూడదు. సూది పడితే జబ్బు పాకుతుందని చాలామంది నమ్ముతారు. అమిలాయిడ్ సూది వల్ల పాకదు, అది అప్పటికే రక్తం ద్వారా అన్ని చోట్లకూ చేరే ప్రొటీన్. కొవ్వు తీస్తే ఒంట్లో బలం పోతుందేమోనని ఇంకొందరి బెంగ. తీసేది మిల్లీగ్రాముల లెక్కలో. పేగుకు సూది తగులుతుందేమోనన్నది పెద్దవాళ్ల భయం. పేగుకూ ఈ కొవ్వుకూ మధ్య కండరాల గోడ ఉందని, సూది ఆ గోడ దాకా పోదని, పడుకున్న మనిషి పొట్టను రెండు వేళ్లతో పట్టుకుని ఎత్తి చూపితే సగం భయం పోతుంది. రక్తం పలచబడే మాత్రల్ని మాత్రం ఇంట్లో వాళ్లంతట వాళ్లు ఆపకూడదు. ఆపాలో వద్దో గుండె డాక్టరు చెప్పాలి. కొన్ని నిమిషాలు ఎక్కువ అదిమి పట్టుకుంటే సరిపోయే సందర్భాలే ఎక్కువ.

చికిత్స మొదలయ్యాక కొవ్వు మళ్లీ తీసి చూస్తారా అని అడుగుతారు. సాధారణంగా చూడరు. చికిత్స తర్వాత కొవ్వులోని అమిలాయిడ్ తగ్గడాన్ని గ్రోనింగెన్ వైద్యులు గమనించారు. ఏఎల్ రోగుల్లో, రక్తంలోని లైట్ చైన్లు పూర్తిగా మామూలు స్థాయికి వచ్చిన వాళ్లలో మాత్రమే అది తగ్గింది, అదీ చాలా నిదానంగా. చికిత్స ఎలా నడుస్తోందో రోజువారీగా చెప్పేవి రక్తంలోని లైట్ చైన్ల మోతాదు, గుండె మీది భారాన్ని చూపే ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ పరీక్ష, మూత్రంలోని ప్రొటీన్. కొవ్వు నమూనా విలువ మొదటిసారి తీసినప్పుడే ఎక్కువ. అందుకే ఊరు మారినా, ఆసుపత్రి మారినా రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్తే చాలదు. ల్యాబును అడిగి ఆ స్లైడులు, మైనపు దిమ్మ కూడా తీసుకెళ్లాలి. ఇప్పుడు రకం తేల్చలేకపోయినా, తేల్చగలిగే కేంద్రానికి పంపడానికి చాలాసార్లు ఆ దిమ్మే చాలు. రోగి మళ్లీ సూది కిందికి వెళ్లే పని తప్పుతుంది.